పన్నెండో నంబరు ఇంట్లో చివరి పళ్ళెం

సభకు అధ్యక్షత వహిస్తున్న డైరెక్టర్ గారికి, ఆయన పక్కన కూర్చున్న, ఒకప్పుడు ఈ ల్యాబులో రక్తపరీక్షల విభాగాన్ని నడిపి, ఇవాళ నా కోసం మోకాళ్ళ నొప్పితో రెండంతస్తులు ఎక్కివచ్చిన సూదక్కకు, ముందు వరసలో ఉన్న పెద్దలకు, ముందుకు రమ్మని మూడుసార్లు పిలిచినా వెనక వరస వదలని మిక్సీ బాబాయికి, ఇన్నేళ్ళు నాతో పనిచేసిన, అంటే నన్ను భరించిన మిత్రులందరికీ, మూడో వరసలో గోడ పక్కన కూర్చుని అప్పుడే గడియారం చూస్తున్న మా ఆవిడకు నమస్కారాలు. (నవ్వులు)

ఇంతసేపూ నా గురించి చెప్పినవన్నీ విన్నాను. కొన్ని నాకు కొత్త. నేను ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నారు, అన్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, నేను అన్నది కూడా వాళ్ళనే. (నవ్వులు) ఇంకొకరు, ఈయన సంతకం పెట్టాక ఒక్క రిపోర్టు కూడా వెనక్కి రాలేదు అన్నారు. అది మాత్రం నిజం కాదు. ఒకటి వచ్చింది. నేనే వెనక్కి తెచ్చాను. ఆ సంగతి ఇక్కడ సగం మందికి తెలియదు, తెలిసిన సగం మంది మర్యాద కొద్దీ ఎత్తలేదు. వీడ్కోలు సభలో పోయేవాడికి ఒక్క సౌకర్యం ఉంటుంది, వాడు ఏం మాట్లాడినా మధ్యలో ఆపరు. దాన్ని కాస్త వాడుకుంటాను.

ఉద్యోగుల ఇళ్ళవాళ్ళు కూడా వచ్చారు కాబట్టి మా పని ఏమిటో ముందు రెండు ముక్కల్లో చెప్పాలి. మా బావమరిదైతే ముప్పై ఏళ్ళుగా నేను పాలలో నీళ్ళు పట్టుకుంటాననే అనుకుంటున్నాడు. (నవ్వులు) ఫ్యాక్టరీల్లో వాడే రసాయనాలు కొన్ని గోడలు దాటి మట్టిలోకి, నీళ్ళలోకి, అక్కడి నుంచి గడ్డిలోకి, చేపలోకి, గుడ్డులోకి వస్తాయి, చివరికి మన కంచంలోకి వస్తాయి. కంచంలోంచి మనిషి ఒంట్లోకి ఎంత చేరుతోందో కొలవడం మా పని. చెప్పడానికి ఇంతే. కొలవడానికి మాత్రం మనిషి ఏం తింటున్నాడో తెలియాలి, అది తెలుసుకోవడం ఎంత కష్టమో నాకు ముప్పై మూడేళ్ళ వయసులో తెలిసింది. అప్పటికి నాకు అన్నీ తెలుసనే అనుకునేవాణ్ణి.

ఇరవై ఏడేళ్ళ కిందటి మాట. ఊరి అంచున పెద్ద చెరువుంది కదా, దాని పై గట్టున అప్పట్లో పాత ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి బాగుచేసే యార్డు ఒకటి ఉండేది. వాటిలో పోసే పాత నూనెలో పీసీబీలనే రసాయనాలుంటాయి. నీళ్ళలో కరగవు, ఎండకీ వానకీ చావవు, కొవ్వు ఎక్కడ దొరికితే అక్కడ చేరి కూర్చుంటాయి. ఆ నూనె ఏళ్ళ తరబడి నేలమీద ఒలికి, వాన వచ్చినప్పుడల్లా చెరువులోకి జారిందని ఫిర్యాదు వచ్చింది. చెరువు కింద చేపలు పట్టుకు బతికే వీధి ఉంది. ఆ వీధిలో నలభై ఇళ్ళు ఎంచుకుని, జంట పళ్ళెం పద్ధతిలో కొలవమని మాకు అప్పగించారు. ఆ పద్ధతి చాలా తేలిక. ఇంట్లో వండే ఇల్లాలికి ఏడు గాజు సీసాలు ఇస్తాం. నువ్వు రోజంతా ఏం తింటే అది, ఎంత తింటే అంత, సరిగ్గా అలాంటిదే ఇంకో పళ్ళెంలో పెట్టి, ఈ సీసాలో వేసి ఇయ్యమ్మా అంటాం. నలభై ఇళ్ళు, ఏడు రోజులు, రెండువందల ఎనభై సీసాలు. వాటిని మిక్సీ బాబాయి రుబ్బాలి. ఆ పెద్ద మిక్సీ దగ్గర ఆయన ఇరవై ఆరేళ్ళు నిలబడ్డాడు, అందుకే ఆ పేరు. ఇప్పటికీ ఇంట్లో మిక్సీ శబ్దం వినబడితే లేచి బయటికి పోతాడని వాళ్ళ కోడలు చెప్పింది. (నవ్వులు)

అంకెలు చక్కగా వచ్చాయి. అన్ని ఇళ్ళలోనూ పరిమితికి బాగా కింద. నేను సగటు తీశాను, పట్టికలు వేశాను, 'ఈ చెరువు చేపలు తినడం వల్ల చెప్పుకోదగ్గ ముప్పు కనబడలేదు' అని నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను. ఆ వాక్యం అంటే నాకు ఎంత ముద్దంటే, ఇంటికి వెళ్ళి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె 'చెప్పుకోదగ్గ అంటే ఏంటి?' అని అడిగింది. నేను విసుక్కున్నాను.

రిపోర్టు వెళ్ళిన అయిదు నెలలకు అదే నలభై మంది ఇల్లాళ్ళ రక్తం ఫలితాలు సూదక్క విభాగం నుంచి వచ్చాయి. ఊళ్ళో మామూలు మనిషికి రెండువందల లోపు ఉండే అంకె, ఆ వీధిలో ఇరవై తొమ్మిది మందికి అయిదువందలు దాటింది. పన్నెండో నంబరు ఇల్లాలికి పధ్నాలుగు వందలు. తిండిలో లేనిది ఒంట్లోకి ఎలా వచ్చింది? నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సూదక్క రక్తం పట్టే గాజు గొట్టాలు సరిగ్గా కడగట్లేదన్నాను. కారిడార్లో, అందరి ముందూ అన్నాను. ఆవిడ నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. కడిగిన గొట్టాలు ఒక ట్రే నిండా తెచ్చి నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. వాటిని పరీక్షించాను. శుభ్రంగా ఉన్నాయి. ఆ మాట ఆవిడకు చెప్పలేదు. ఆ తరవాత రెండు నెలలు, పదడుగుల దూరంలో పనిచేస్తూ మేమిద్దరం మాట్లాడుకోలేదు.

ఆ ముడి విప్పింది బాబాయి. ఒక మధ్యాహ్నం మిక్సీ విప్పి కడుగుతూ, తలెత్తకుండానే, 'సారూ, ఒకటడుగుతా, నవ్వకూడదు' అన్నాడు. అడగమన్నాను. 'ఆ చెరువులో చేపలకి తలకాయలుండవా?' అన్నాడు. (నవ్వులు) నేనూ మీలాగే నవ్వాను. ఆయన నవ్వలేదు. 'రెండొందల ఎనభై సీసాలు రుబ్బా సారూ. ఒక్క తలకాయ తగల్లా. ఒక్క పెద్ద ముల్లు తగల్లా. బ్లేడు ఒక్కసారి కూడా మొండి కాలా. చేపలు పట్టే ఇళ్ళల్లో తలకాయలు పారేస్తారా ఎక్కడన్నా?'

(విరామం)

నా దగ్గర దేశవిదేశాల పద్ధతులు రాసిన పుస్తకాలు ఓ అలమర నిండా ఉండేవి. బాబాయి దగ్గర ఒక బ్లేడు ఉంది. నేను లేచి వెళ్ళి సూదక్క గది తలుపు కొట్టాను. 'గొట్టాలు బాగానే ఉన్నాయక్కా' అన్నాను. 'తెలుసు. అది చెప్పడానికి వచ్చావా?' అంది. కాదు, పన్నెండో నంబరు ఇంటికి వెళ్దాం రా అన్నాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాం. రెండు గదుల ఇల్లు, వెనక రేకుల కింద వంట. ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయేమో, ఇద్దరు పిల్లలు, చంకలో నాలుగు నెలల ఆడపిల్ల. మేము వచ్చింది ఎందుకో చెప్పలేదు, మామూలుగా ఏం చేస్తావో అదే చెయ్యమ్మా, మేము ఒక పక్కన కూర్చుంటాం అన్నాం. ఆమె మొహమాటపడింది, తరవాత మమ్మల్ని మరిచిపోయి పనిలో పడింది. చేపలు శుభ్రం చేసింది, వండింది. పదకొండున్నరకు భర్త వచ్చి తిన్నాడు. ఆ తరవాత పిల్లలు తిన్నారు. ఆ తరవాత అత్తగారికి పెట్టింది. అప్పుడు, మేము వచ్చేటప్పుడు తెచ్చిచ్చిన సీసా తీసి, గుడ్డతో తుడిచి, గిన్నెలోంచి నడిమి ముక్క, ముల్లు లేకుండా ఎంచి, దాని మీద చిక్కటి రసం కూడా వేయకుండా, అందంగా సర్ది మూత పెట్టింది. ఆ తరవాత మాకు పెడతానంది. మేము తినొచ్చామన్నాం. గంటన్నర దాటింది. పిల్లని సూదక్క ఒళ్ళో పెట్టి, అప్పుడు తను కూర్చుంది. పళ్ళెంలో రెండు తలకాయలు, కాలేయాలు, తోలు, గిన్నె అడుగున మిగిలిన కొవ్వు అన్నంతో తుడుచుకున్నది. ఇష్టంగా తింది. తలకాయ చేత్తో పట్టుకుని, శబ్దం చేసుకుంటూ తింది.

'ఏమ్మా, నీ పళ్ళెంలో ఉన్నది సీసాలో పెట్టమని కదా మేము చెప్పింది' అన్నాను. నా గొంతులో కోపం ఉంది, ఇప్పుడు తలుచుకుంటే అది నా రిపోర్టు గురించిన కోపం. ఆమె తెల్లబోయింది.

'అయ్యో, తలకాయలు మీకు పెడతామా సారూ? మంచి ముక్క ఉండగా?'

'మేము దాన్ని తినం అమ్మా, రుబ్బుతాం.'

'ఆ సంగతి నాకేం తెలుసు. పెద్దాఫీసులో ఎవరో రుచి చూసి చెప్తారనుకున్నా. వీధిలో అందరం అట్లాగే పెట్టాం. మొదటి రోజు పదో నంబరావిడ తన పళ్ళెంలోది పెట్టబోతే మేమే తిట్టాం, ఆ ఎంగిలి కంచంలోది ఆఫీసుకు పంపుతావా అని.'

సూదక్క పిల్లని ఎత్తుకుని అటు తిరిగింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు కనబడలేదు. ఇవాళ అడుగుతున్నాను, అక్కా, ఏది? (విరామం) చెప్పనంటోంది.

మిత్రులారా, రెండువందల ఎనభై సీసాల్లో మేము కొలిచింది ఆ వీధి తిన్న తిండి కాదు. ఆ వీధి మాకు చేసిన మర్యాద. నడిమి ముక్కలో కొవ్వు ఉండదు, కొవ్వు లేని చోట పీసీబీలుండవు. అవి ఉండేది తలలో, కాలేయంలో, తోలు కింద. అది తినేది చివర కూర్చున్న మనిషి. నాకు ఆ రోజు బస్సులో ఇంకో సంగతి తట్టింది. మా ఇంట్లో మా ఆవిడ ఏం తింటుందో నాకు తెలియదు. పదేళ్ళుగా నలుగురి తిండి తూకం వేస్తున్నవాణ్ణి, మా ఇంట్లో నా తరవాత కూర్చునే మనిషి పళ్ళెంలో ఏముంటుందో చూసిన జ్ఞాపకం లేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరం ఒకేసారి కూర్చుని తింటున్నాం. అని రాసుకొచ్చాను. మూడో వరసలో తల అడ్డంగా ఊగుతోంది. (నవ్వులు) సరే, ఆదివారాలు తింటున్నాం. రేపటి నుంచి మిగతా రోజులు.

ఇక్కడి వరకూ చెప్పుకోడానికి బాగానే ఉంటుంది. చాలాచోట్ల చెప్పాను కూడా, ట్రైనింగుల్లో, నవ్వించడానికి. ఎప్పుడూ ఇక్కడే ఆపేసేవాణ్ణి. ఇవాళ ఆపను.

మేము వచ్చేటప్పుడు ఆమెకు ఇంకో ఏడు సీసాలిచ్చాం, ఈసారి నిజంగా నీ పళ్ళెంలోదే పెట్టమ్మా అని చెప్పి. తలలు, కాలేయాలు కొన్ని వెంట తెచ్చుకున్నాం. పదిరోజుల్లో వాటి ఫలితం నా చేతిలో ఉంది. కాలేయంలో, నడిమి ముక్కలో ఉన్నదానికి నలభై రెట్లు పైన. అప్పటి డైరెక్టరుగారి దగ్గరికి పట్టుకెళ్ళాను. పెద్దసారు అనేవాళ్ళం. ఆయన కాగితం చూశారు, కిటికీలోంచి చూశారు, మళ్ళీ కాగితం చూశారు. 'సంతకం పెట్టిన రిపోర్టు వెనక్కి తీసుకునే ల్యాబుని రేపు ఎవడు నమ్ముతాడయ్యా? ఇంకోచోట కూడా చేయిద్దాం. మూడు నెలలు ఆగు. ఈలోగా ఎక్కడా నోరు విప్పకు' అన్నారు. నేను ఆ మాటలో తప్పు పట్టను. శాస్త్రం ప్రకారం అది సరైన మాటే. పైగా నాకు హాయిగా అనిపించింది. నా వాక్యం ఇంకో మూడు నెలలు బతుకుతుంది.

కాగితం సొరుగులో పెట్టాను. అది ఆ సొరుగులో పంతొమ్మిది రోజులుంది.

ఎనిమిదో రోజున పన్నెండో నంబరు ఇల్లాలు స్వయంగా ల్యాబుకు వచ్చింది. మా వ్యాను సీసాల కోసం వెళ్ళలేదు, నేనే పంపలేదు. ఏడు సీసాలు సంచిలో పెట్టుకుని, పిల్లని చంకనేసుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. కౌంటరు దగ్గర నేనే అందుకున్నాను, ఒక్కో సీసాకీ చీటీ అంటించాను. ఆమె అప్పుడు అడిగింది, 'ఇవి తినొచ్చా సారూ, మానమంటారా? పిల్లకి పాలిస్తున్నా కదా, అందుకని అడుగుతున్నా.'

'రిజల్టు వచ్చాక చెప్తామమ్మా' అన్నాను.

సొరుగు నా మోకాలికి తగులుతోంది.

(విరామం)

మంచినీళ్ళు ఉన్నాయా? థాంక్యూ.

సాయంత్రం సూదక్కకు అవీ ఇవీ చెప్తూ ఈ మాట కూడా చెప్పాను. ఆవిడ మర్నాడు సెలవు పెట్టి, ఆ వీధికి వెళ్ళి, పన్నెండో నంబరు ఇంట్లోనే కాదు, నలభై ఇళ్ళలోనూ, తలలు, కాలేయాలు, తోలు పారేయండమ్మా, గిన్నె అడుగున కొవ్వు పారబోయండి, అని చెప్పి వచ్చింది. నాలుగు రోజుల్లో సంగతి ఆఫీసుకు తెలిసింది. అప్పుడు నేనేం చేశానో ఈ హాల్లో ఇద్దరికి తెలుసు. తుది ఫలితం రాకముందే, అనుమతి లేకుండా, ల్యాబు సమాచారం బయట పెట్టారని ఆవిడ మీద నోటు రాశాను. నన్నెవరూ రాయమనలేదు. నియమాల పుస్తకంలో పేజీ నంబరుతో సహా రాశాను. నాకు ఖచ్చితత్వం ఎక్కువ కదా. ఆ నోటు వల్ల ఆవిడకు రావలసిన ప్రమోషను రెండేళ్ళు వెనక్కి పోయింది. ఆవిడ రిటైరైన రోజున ఇదే వేదిక మీద నేను ఇరవై నిమిషాలు ఆవిడను పొగిడాను, ఈ సంగతి ఎత్తలేదు. అక్కా, అది రాసింది నేనే. నలుగురిలో చెప్పాలని ఆగాను.

(విరామం. వేదిక మీద నుంచి ఏదో మాట)

మైకు అందలేదు మీకు. 'నీ దస్తూరీ నాకు తెలీదా, కానియ్' అంటోంది.

సరే. ఆ నోటుకు జవాబు ఇమ్మని పెద్దసారు ఆవిడకు మెమో ఇచ్చారు. ఆవిడ ఒక్క వాక్యం రాసింది. 'నేను వాళ్ళకు చెప్పింది తప్పయితే నన్ను తీసేయండి, ఒప్పయితే ఆ రిపోర్టును తీసేయండి.' పెద్దసారు ఆ కాగితం నాకిచ్చి, దీని మీద చర్యకు డ్రాఫ్టు రాసుకురా అన్నారు. పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాను. అది పంతొమ్మిదో రోజు. నాకు ఆ క్షణాన గొప్ప మార్పు వచ్చిందని చెప్పలేను. డ్రాఫ్టు రాయడానికే కూర్చున్నాను. 'తప్పయితే' అన్నచోట ఏం రాయాలో తెలియలేదు, ఎందుకంటే తప్పు కాదు. గంటసేపు చూసి, ఆ డ్రాఫ్టు పక్కన పెట్టి, నా రిపోర్టును ఉపసంహరించుకుంటున్నానని రాసి, సొరుగులో కాగితం దానికి జతచేసి తీసుకెళ్ళాను. పెద్దసారు చదివారు. రెండు రోజులు తన దగ్గర ఉంచుకున్నారు. మూడో రోజున తల ఎత్తకుండా సంతకం చేసి, 'ఇంకెప్పుడూ నా దగ్గరికి చేపలు తేవద్దు' అన్నారు. ఆయన ఇవాళ లేరు. ఆయన సంతకం చేశారన్నది మాత్రం గుర్తుంచుకోవాలి, చేయకపోయినా అడిగేవాళ్ళు లేరు.

కొత్త రిపోర్టు వెళ్ళింది. చెరువులో చేపల వేట ఆపేశారు. యార్డు మూయించారు, మట్టి తవ్వి తీసుకెళ్ళారు. ఇది గెలుపు అని మా పత్రికలో వేసుకున్నాం. ఆ వీధిలో నలభై ఇళ్ళకు పని పోయింది. పన్నెండో నంబరు ఇంటాయన వల గోడకు తగిలించి సిమెంటు గోదాములో బస్తాలు మోయడానికి పోయాడు. నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెతో మాట్లాడటం మానేశారు. 'నీ తిండి నువ్వు తిన్నావు, ఆ ఆఫీసోళ్ళని కూర్చోబెట్టి చూపించడం దేనికి?' అన్నారట. అది నాకు ఆమె చెప్పలేదు, అత్తగారు చెప్పింది.

మేము ఏటా ఆమె రక్తం తీసుకోవడానికి వెళ్ళేవాళ్ళం. ఇవ్వనంటుందేమో అనుకున్నాను. ఒక్క ఏడు కూడా అనలేదు. ఎందుకిస్తున్నావమ్మా అని ఒకసారి అడిగాను. 'మీరొస్తే ఇంటికి ఎవరో వచ్చినట్టుంటుంది సారూ' అంది. అప్పటికి వాళ్ళింటికి అందరూ రావడం మానేసి రెండేళ్ళయింది.

మొదటి ఏడాది తరవాత ఆమె అంకె పధ్నాలుగు వందల నుంచి తొమ్మిదివందల యాభైకి పడింది. అంత తొందరగా పడకూడదు, ఆ రసాయనం సగం కావడానికే ఏళ్ళు పడుతుంది. నేను కాగితం పట్టుకుని కారిడార్లో పరిగెత్తాను. 'అక్కా, చూడు ఎంత తగ్గిందో, తలకాయలు మాన్పించడం పనిచేసింది!' అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నా వంక చూసింది.

'తగ్గింది సరే. ఎక్కడికి పోయిందనుకుంటున్నావు?'

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కొవ్వులో ఉన్నది ఒంట్లోంచి బయటికి పోయే దారి ఒక్కటే పెద్దది. పాలు.

పిల్ల రక్తం తీశాం. అంకె తల్లి కంటే ఎక్కువ.

ఆమెకు చెప్పాలి కదా. ఇద్దరం వెళ్ళాం. ఈసారి దాచలేదు. కాగితం మీద రెండు గీతలు గీసి, ఇది నీది, ఇది పాపది అని చూపించాను. ఆమె కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆపింది. 'నా ఒంట్లోది దీనికి పోయిందా?' అంది. అవునన్నాను. పిల్ల ఆ పక్కనే గిన్నె బోర్లించి కొడుతోంది. తరవాత, 'ఇంకా ఇస్తున్నా. మాననా, ఇవ్వనా? ఒక్క మాట చెప్పండి' అంది.

నేను గొంతు సవరించుకున్నాను. 'ఇప్పటివరకూ లభించిన ఆధారాలను బట్టి...' అని మొదలుపెట్టాను.

'ఇవ్వు' అంది సూదక్క.

ఆమె తరుగుడు మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ తరవాత ఆరు నెలలు నేను దొరికినదల్లా చదివాను. పాలు ఆపడం వల్ల పోయేది ఎక్కువనీ, ఇవ్వమనడమే సరైన సలహా అనీ తేలింది. ఆ రోజుకే సూదక్క ఆ పేపర్లన్నీ చదివి ఉందని నాకు ఏళ్ళ తరవాత తెలిసింది. తను చెప్తే ఆ తల్లి నమ్మదేమోనని నోరు మూసుకునే ఉందట, నేను మొదలుపెట్టిన వాక్యం మరీ పొడుగయ్యేలా ఉందని మధ్యలో దూరిందట. (నవ్వులు)

చెరువులో వేట తొమ్మిదేళ్ళ తరవాత మళ్ళీ తెరిచారు. అప్పటికి ఇరవై ఏడు ఇళ్ళవాళ్ళు వేరే పనుల్లో స్థిరపడిపోయారు. పన్నెండో నంబరు ఇంటాయన వల దించాడు గాని, నడుము సహకరించక మళ్ళీ తగిలించాడు. ఆ వీధి ఆడవాళ్ళు ఆమెతో మళ్ళీ ఎప్పుడు మాట్లాడారో నేను ఏ రిజిస్టరులోనూ రాసుకోలేదు. ఒక ఏడాది వెళ్ళేసరికి పదో నంబరావిడ పన్నెండో నంబరు గడపలో కూర్చుని ఉంది, అంతే. మన పన్నెండో నంబరు ఇల్లాలి అంకె ఇప్పుడు రెండువందల ఎనభై. ఆ చంటిపిల్ల ఇప్పుడు పిల్లకాదు, ఇరవై ఏడేళ్ళు, బస్సు డిపోలో మెకానిక్కు. ఒళ్ళు పెరిగిన కొద్దీ అంకె పలచబడి, ఇప్పుడు ఊళ్ళో మామూలు మనిషికి ఎంతో అంతే ఉంది. చదువులో కొంచెం వెనకబడేది, తొందరగా అలిసిపోయేది. అది దానివల్లేనా అని తల్లి నన్ను ఒకే ఒక్కసారి అడిగింది. తెలియదన్నాను. అది నిజం. ఒక మనిషి దగ్గర కూర్చుని, ఇది లేకపోతే నువ్వెలా ఉండేదానివో చెప్పే మెషీను మన ల్యాబులో లేదు, ఎక్కడా లేదు. వందమందిలో చెప్పగలం, వెయ్యిమందిలో ఇంకా బాగా చెప్పగలం, ఆమె అడిగేది ఒక్కదాని గురించి. ఆ పంతొమ్మిది రోజుల్లో, అందులోనూ సూదక్క వెళ్ళకముందు తొమ్మిది రోజుల్లో, వాళ్ళింట్లో ఎన్నిసార్లు చేప వండారో మాత్రం నేను తరవాత అడిగి రాసుకున్నాను. ఏడుసార్లు. మొత్తంలో అది చాలా చిన్న భాగం. లెక్కవేశాను. చిన్నదే.

(విరామం)

ఎక్కువసేపు తీసుకుంటున్నాను. ముగించే ముందు డైరెక్టర్ గారికి ఒక మనవి, మీరు పక్కనే ఉన్నారు కాబట్టి దీనికి వేరే కాగితం అక్కర్లేదు.

ఆ గొడవ తరవాత మన సర్వే ఫారంలో ఒక ప్రశ్న చేర్చాం. ఈ ఇంట్లో చివరగా తినేది ఎవరు, వారు తినేటప్పుడు మీరు కళ్ళారా చూశారా, అని. పెద్దసారే చేర్పించారు. వచ్చే నెల నుంచి కొత్త ఫారం వస్తోంది, ట్యాబులో నొక్కితే చాలు, పన్నెండు నిమిషాల్లో ఒక ఇల్లు అయిపోతుంది. చాలా బాగుంది, పిల్లలు కష్టపడి చేశారు, నా కళ్ళముందే చేశారు. అందులో ఆ ప్రశ్న లేదు. మొన్న నా సంతకం కోసం పంపారు. పెట్టలేదు. ఈ ల్యాబులో నా బల్లమీదికి వచ్చి సంతకం లేకుండా మిగిలిన కాగితం అదొక్కటే, మీ టేబుల్ మీద ఎడమ పక్కన ఉంది. నేను పెట్టకపోయినా అది చెల్లుతుంది, సాయంత్రం అయిదు తరవాత నా సంతకానికి విలువ లేదు, నాకు తెలుసు.

ఇంతసేపు విన్న మీ అందరికీ, ఈ సభ ఏర్పాటు చేసిన స్టాఫ్ సంఘానికి, నాకు పని నేర్పిన సూదక్కకు, ఒక్క ప్రశ్న అడిగిన బాబాయికి, నన్ను ఎన్నో అడగకుండా ఉన్న మా ఆవిడకు...

(వేదిక మీద మాట)

డైరెక్టర్ గారు ఏదో అంటున్నారు. 'ఆ ప్రశ్న పెడితే ఒక్కో ఇంటికి రెండు మూడు గంటలు పడుతుందండీ' అంటున్నారు.

అవునండీ, పడుతుంది. ఆమె చివర తింటుంది కదండీ. అందరూ తినేదాకా కూర్చోవాలి.

కృతజ్ఞతలు. సెలవు.